మిగిలింది ఒక్కటే: వార్సా నుంచి క్రాకూవ్ దాకా ఆరు రోజులు

మొన్న రాత్రే అల్వాల్ చేరుకున్నా. సూట్‌కేసు ఇంకా సగమే విప్పాను, నాన్న మాత్రం పొద్దున్నుంచి నా ఫోన్ పట్టుకుని ఫొటోలు ఒక్కొక్కటే పెద్దవి చేసి చూస్తున్నారు, రివెట్ల వరసలు లెక్కపెడుతున్నారు. ఆయన అడిగే ప్రశ్నలకి సమాధానం చెప్తూ చెప్తూ ఉంటే ఇదంతా మర్చిపోకముందే రాసి పెట్టుకోవాలనిపించింది.

నాన్న ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజన్ ఫిట్టర్‌గా చేశారు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు, కానీ హకీంపేట పోస్టింగ్, తర్వాత రిటైర్మెంటు, అల్వాల్లో చిన్న ఇల్లు, అలా ఇక్కడివాళ్ళమే అయిపోయాం. చిన్నప్పుడు మా డాబా మీంచి రోజూ ఇస్క్రాలు పోయేవి. ఇస్క్రా అంటే పోలిష్‌లో నిప్పురవ్వ. 1970ల్లో మన ఎయిర్‌ఫోర్స్ పోలండ్ నుంచి కొన్న ట్రైనర్ జెట్లు అవి, మొదట 50 కొన్నారు, 2004 డిసెంబర్‌లో వాటికి సెలవిచ్చారు. పూర్తి పేరు టీఎస్-11. ఆ టీఎస్ ఏదో మోడల్ కోడ్ అనుకునేవాణ్ణి, కాదురా, అది మనిషి పేరు, తదెవుష్ సోవ్‌తిక్ అని దాన్ని గీసిన ఇంజనీరు అని నాన్నే చెప్పారు. ఆ సోవ్‌తిక్ పని నేర్చుకున్నది 1930ల్లో, వార్సాలోని ప్రభుత్వ విమాన ఫ్యాక్టరీ పీజడ్ఎల్‌లో. కరాష్ అనే బాంబర్ డిజైన్ టీంలో కుర్రాడిగా చేశాడు.

అంటే హకీంపేట హ్యాంగర్లో నాన్న చేతికంటిన గ్రీజు వెనక ఇరవై ఏళ్ళ కథ ఒకటుంది. 1918లో దేశమే కొత్తగా పుట్టి, 1939లో మళ్ళీ పోయేలోపు పోలండ్ వాళ్ళు తయారు చేసుకున్న విమానాల కథ. ఎక్కడ విన్నా దాని గురించి ఒకటే ముక్క వినపడుతుంది, మొదటి రోజు పొద్దున్నే జర్మన్లు అన్నిటినీ నేల మీదే కాల్చేశారు, అయిపోయింది అని. నాన్న ఆ మాట ఎప్పుడూ ఒప్పుకోలేదు. మోకాళ్ళ నొప్పులతో ఆయన రాలేకపోయారు, నన్ను వెళ్ళి చూసి రమ్మన్నారు.

ఆగస్టు 28, వార్సా

మా అక్క కొడుకు రెండేళ్ళుగా వార్సాలో చదువుతున్నాడు, వాడే ఎయిర్‌పోర్టుకొచ్చాడు. సిటీలోకి 175 నంబర్ బస్సెక్కాం. నిటారుగా పోయే పెద్ద రోడ్డు, రెండు పక్కలా చెట్లు. మావయ్యా, ఈ రోడ్డు పేరు ఝ్విర్కి ఇ విగూరి, రోజూ ఇదే స్టాపులు వింటుంటా కానీ ఎవరో తెలీదు అన్నాడు వాడు. ఆ రోజే తెలియాల్సిన రోజని చెప్పా. ఫ్రాంచిషెక్ ఝ్విర్కో మిలిటరీ పైలట్, లెఫ్టినెంటు. స్తనిస్వావ్ విగూరా ఇంజనీరు. 1932 ఆగస్టు 28న బెర్లిన్‌లో, ఐరోపా దేశాలన్నీ పోటీపడే చాలెంజ్ అనే విమానాల పోటీలో, విగూరా తన స్నేహితులతో కలిసి తయారు చేసిన ఆర్‌డబ్ల్యూడీ-6 అనే చిన్న విమానంలో ఈ ఇద్దరూ గెలిచారు, అదీ జర్మన్ల గడ్డ మీద. ఆ తారీఖే ఇప్పటికీ పోలండ్‌లో విమానయాన దినం. గెలిచిన రెండు వారాలకే, సెప్టెంబర్ 11న, ప్రాగ్ వెళ్తుంటే తుఫానుగాలికి రెక్క విరిగి చెర్లిత్స్కో అనే ఊరి దగ్గర అడవిలో పడిపోయారు. ఇద్దరూ పోయారు. ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్ళోకొచ్చే ప్రతి మనిషీ ముందు వాళ్ళిద్దరి మీదుగానే రావాలి.

బ్యాగులు రూంలో పడేసి సమాధి చూద్దామని బయల్దేరాం, అక్కడే దారి తప్పాం. ఝ్విర్కో సైనికుడు కదా అని మిలిటరీ పొవోన్స్కి శ్మశానానికి తీసుకెళ్ళాడు మావాడు. గంటసేపు వరసలు వరసలుగా వెతికాం. చివరికి గేటు దగ్గర పూలమ్మే పెద్దావిడ మా ఫోన్లో పేర్లు చూసి తల అడ్డంగా ఊపి, వేలితో దూరంగా చూపించి, స్తరే, స్తరే అంది. పాత పొవోన్స్కి అంట, అది వేరే శ్మశానం, ఇరవై నిమిషాలు నడవాలి. ఆవిడ దగ్గరే గాజు దీపం ఒకటి కొన్నా, జ్నిచ్ అంటారు, 8 జ్లోటీలు, జ్లోటీ అప్పుడు ఇరవై రూపాయల పైనే ఉంది. ఇక్కడ సమాధి దగ్గరికి ఉత్త చేతుల్తో వెళ్ళరు. దీపం వెలిగించి, గాలికి ఆరకుండా మూత పెట్టి, ఒక్క నిమిషం నిలబడి వచ్చేస్తారు. పాత పొవోన్స్కిలో ప్రముఖుల వరసలో దొరికింది. మేం వెళ్ళేసరికే తాజా పూలు, రెడ్ అండ్ వైట్ రిబ్బన్లు, ముప్పై నలభై దీపాలు. స్కౌట్ డ్రెస్సులో ఇద్దరు పిల్లలు కదలకుండా కాపలా నిలబడ్డారు, పదమూడేళ్ళుంటాయేమో. మా దీపం పెట్టడానికి చోటు లేకపోతే అందులో అమ్మాయి వంగి, పక్క దీపాలు జరిపి, చోటు చేసి మళ్ళీ నిటారుగా నిలబడింది. ఏమీ మాట్లాడలేదు.

సాయంత్రం పోలె మొకొతోవ్‌స్కియె పార్కులో కూర్చున్నాం. ఇప్పుడు కుక్కల్ని తిప్పేవాళ్ళు, గడ్డి మీద పడుకున్న స్టూడెంట్లు, కానీ అప్పట్లో వార్సా విమానాశ్రయం ఇదే. 1926 ఆగస్టు 27న కెప్టెన్ బొలెస్వావ్ ఒర్లీన్‌స్కీ, మెకానిక్ లెయోనార్డ్ కుబియాక్, ఇద్దరూ పైకప్పు లేని బ్రెగె-19లో ఇక్కణ్ణుంచే టోక్యో బయల్దేరారు. వెళ్ళడం వెళ్ళారు, తిరుగు దారిలో సైబీరియా వైపు కింది రెక్క విరిగింది, ప్రొపెల్లర్ కూడా దెబ్బతింది, ఉన్నదాన్నే సరిచేసుకుని సెప్టెంబర్ 25న మళ్ళీ ఇదే మైదానంలో దిగారు. మొత్తం 22,600 కి.మీ. ఫోన్లో చెప్తే నాన్న ఒర్లీన్‌స్కీ సంగతి అడగలేదు, ఆ మెకానిక్ దేంతో అతుకేశాడ్రా అని అడిగారు.

దగ్గర్లోనే పైలట్ విగ్రహం. ప్రొపెల్లర్ మీద చెయ్యేసి నిలబడ్డ కంచు మనిషి, ఎడ్వర్డ్ విట్టిగ్ చెక్కాడు. 1932లో పెట్టింది జర్మన్లు యుద్ధంలో ధ్వంసం చేశారు, ఇది 1967లో మళ్ళీ చేసి పెట్టింది. ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర బండి ఒక్కటీ లేకపోయినా జనం ఎర్రలైటుకి ఆగే ఉన్నారు, నేను అడుగేయబోతే మావాడు చొక్కా పట్టుకు లాగాడు, ఫైను పడుద్ది మావయ్యా అని.

ఆగస్టు 29, డెంబ్లిన్

నాకు యాత్ర మొత్తంలో బాగా నచ్చిన రోజిదే. డెంబ్లిన్ చిన్న ఊరు, విస్తులా నది ఒడ్డు, స్టేషన్ బయట ఆపిల్స్ అమ్మే ముసలాయన తప్ప ఏమీ లేదు. పోలండ్ పైలట్లంతా తయారయ్యే చోటు మాత్రం ఇదే. ఆఫీసర్ల ఎయిర్ స్కూల్ 1925లో గ్రుజియోంజ్ అనే ఊళ్ళో మొదలై 1927లో ఇక్కడికి మారింది, అప్పట్నుంచి దీన్ని గద్దపిల్లల బడి అనే పిలుస్తారు. ఓ పాత జమీందారీ ప్యాలెస్ స్కూలుకి ముఖ్య భవనం. దాన్ని చూద్దామని నేరుగా గేటు దాకా నడిచేశాం. గేటు దగ్గర సైనికుడు మర్యాదగా ఆపాడు, ఇది ఇప్పటికీ నడుస్తున్న స్కూలు, లోపలికి వీల్లేదు, మ్యూజియం అటు అని చెప్పాడు. ఎండలో మళ్ళీ వెనక్కి నడక. మ్యూజియం ఉన్న రోడ్డు పేరు 303 స్క్వాడ్రన్ రోడ్డు.

303 అంటే ఇంగ్లండ్ ఎయిర్‌ఫోర్స్‌లో పోలిష్ పైలట్ల దళం, దాని సంగతి చాలామందికి తెలుసు, 1940లో ఇంగ్లండ్ మీద జరిగిన పోరులో హరికేన్ ఫైటర్ల స్క్వాడ్రన్లన్నిట్లో ఎక్కువ విమానాలు కూల్చామని లెక్క చూపించింది, 126. అందులో చాలామంది ఈ స్కూలు పిల్లలే. ఉర్బనోవిచ్, ఝుంబాఖ్, ఫెరిచ్, వొకుచెవ్‌స్కీ అందరూ ఇక్కడ చదివినవాళ్ళే. ఇంగ్లండ్ వాళ్ళకి మొదట్లో వీళ్ళ మీద నమ్మకం లేక ట్రైనింగ్ అంటూ ఆపి ఉంచారు. వీళ్ళు అప్పటికే ఏళ్ళ తరబడి ఫైటర్లు నడిపినవాళ్ళు. 1940లో కనపడింది ఫలితం, పంట వేసింది మాత్రం ఈ మైదానంలో.

ఆ 303 వాళ్ళు గుర్తుగా వేసుకున్న బొమ్మ ఇంకా పాతది. నాలుగు మూలల పోలిష్ టోపీ, దాని వెనక అడ్డంగా పెట్టిన రెండు పొడుగు కర్రల కొడవళ్ళు, చుట్టూ అమెరికా జెండా నక్షత్రాలు, చారలు. 1919లో పోలండ్‌కి బోల్షెవిక్కులతో యుద్ధం నడుస్తుంటే మెరియన్ కూపర్, సెడ్రిక్ ఫాంట్‌లెరాయ్ అనే అమెరికన్లు తోటి పైలట్లని పోగేసుకొచ్చి కొషియుష్కో స్క్వాడ్రన్ పెట్టారు, వాళ్ళలో ఒకడైన ఎలియట్ చెస్ గీసిన బొమ్మ అది. వాళ్ళలో ముగ్గురు అమెరికన్లు పోలండ్ కోసం ప్రాణాలిచ్చారు. కూపర్ 1920లో రష్యన్లకి దొరికి, జైలు నుంచి తప్పించుకుని లాత్వియా దాకా పోయాడు. 1933లో కింగ్ కాంగ్ సినిమా తీసింది ఆయనే, ఇది మావాడికి చెప్తే అక్కడే ఆగిపోయాడు కాసేపు.

విమానాల మీద ఎరుపు తెలుపు గళ్ళ గుర్తుకి కూడా ఒక మనిషున్నాడు. స్తెఫాన్ స్తెత్స్ అనే పైలట్ తన ఫొక్కర్ మీద సొంత గుర్తుగా వేసుకున్నాడు, 1918 డిసెంబర్ 1న దాన్నే దేశం మొత్తానికి తీసుకున్నారు. అదీ దేశం పుట్టిన నెలలోపే. ఆయన మూడేళ్ళు కూడా బతకలేదు, 1921లో విమాన ప్రమాదంలోనే పోయాడు. నిజానికి ఈ ఇరవై ఏళ్ళ కథలో ఎవరి పేరెత్తినా వెంటనే ప్రమాదం అనే మాట వస్తుంది, చదువుతుంటేనే బాధేస్తుంది.

లోపల ఇస్క్రా కనపడింది. చూడగానే గుర్తుపట్టా, సైకిల్ మీద బడికి పోతూ తలెత్తి చూసిన ఆకారమే. ఇక్కడ కూడా దశాబ్దాల పాటు కుర్ర పైలట్లు దీని మీదే నేర్చుకున్నారు, హకీంపేటలో లాగే. నేను వీడియో కాల్ చేసి నాన్నకి చూపిస్తుంటే పక్కనే ఒక డెబ్భై ఏళ్ళాయన వచ్చి నిలబడ్డాడు. మావాడు వచ్చీరాని పోలిష్‌లో మాట్లాడితే తెలిసింది, ఆయన ఇక్కడే ఇస్క్రాల మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడంట, మనవణ్ణి తీసుకొచ్చాడంట. ఫోన్ ఆయన చేతికిచ్చేశా. ఇద్దరికీ ఒక్క భాష కలవదు. ఆయన ఇంజన్ ప్యానెల్ దగ్గర అరచేయి పెట్టి వేళ్ళు గుండ్రంగా తిప్పాడు, అల్వాల్లో నాన్న తన కుడి ముంజేతి మీద పాత మచ్చ కెమెరాకి దగ్గరగా పెట్టారు. ఆయన వెంటనే చొక్కా చెయ్యి మడిచి తన మచ్చ చూపించాడు. ఇద్దరికీ దాదాపు ఒకే చోట. ఆ ప్యానెల్ లోపలికి చెయ్యి పెట్టినప్పుడు అంచు తగిలి కోసుకునేదంట. పది నిమిషాలు అలా చేతుల్తోనే మాట్లాడుకున్నారు. వెళ్ళేటప్పుడు ఆయన నా రెండు చేతులూ పట్టుకుని గట్టిగా ఊపాడు. ఇక్కడి మనుషులు తెలియనివాళ్ళని చూసి నవ్వరు, అది కోపం అనుకోకూడదు, ఒకసారి కలిసిపోతే మాత్రం అలా ఉంటుంది.

మధ్యాహ్నం ఝురెక్ తిన్నాం. పులియబెట్టిన రై పిండితో చేసే పుల్లటి సూప్, అందులో ఉడికించిన గుడ్డు, సాసేజ్. మొదటి చెంచాకి మన తరవాణీ గుర్తొచ్చింది, ఆ పులుపులో అదే దారి. బ్రెడ్‌తో కలిపి 24 జ్లోటీలు, కడుపు నిండిపోయింది.

ఆగస్టు 30, లుబ్లిన్

లుబ్లిన్‌లో పొద్దున్నే త్సెబులాష్ తిన్నాం. ఉల్లిపాయ ముక్కలు, గసగసాలు పైన వేసి కాల్చే మందపాటి రొట్టె, ఒకప్పుడు ఈ ఊళ్ళో యూదుల బేకరీల్లో పుట్టిందంటారు. వేడి వేడిగా కాగితంలో చుట్టిస్తే నడుస్తూ తినేశాం, 6 జ్లోటీలు.

దేశం స్వతంత్రం అయ్యాక మొదటి విమాన ఫ్యాక్టరీ ఈ ఊరిదే, ప్లాగె, లాష్కియెవిచ్ అనే ఇద్దరు యజమానులది. అంతకుముందు వాళ్ళు చేసేది బాయిలర్లు, సారా బట్టీల సామాన్లు. 1920లో ఇటలీ వాళ్ళ అన్సాల్డో విమానాలు లైసెన్స్ మీద తయారు చేస్తామని ఒప్పందం తీసుకున్నారు. బాయిలర్ చేసే చేతుల్తో విమానం చెయ్యడం అంత తేలిక కాదు కదా. క్వాలిటీ సరిగా లేదు, ఒకదాని తర్వాత ఒకటి కూలాయి, కుర్రాళ్ళు పోయారు, పైలట్లు వాటికి ఎగిరే శవపెట్టెలని పేరు పెట్టారు, చివరికి ఆర్డర్లో అనుకున్నన్ని తీసుకోకుండానే ఆపేశారు. ఇది మొహమాటం లేకుండా చెప్పుకోవాల్సిన విషయం. ఎవరూ పుడుతూనే గొప్ప విమానం చెయ్యలేదు, ఆ తప్పులకి ధర కట్టింది ఇరవై ఏళ్ళ పిల్లలు. అదే ఫ్యాక్టరీలో తర్వాత యెజి రుద్లిత్స్కీ అనే డిజైనర్ వచ్చి మంచి విమానాలు చేశాడు, వీ ఆకారంలో ఉండే తోక ఆలోచన ఆయనదే, 1931లో ఎగరేసి చూపించాడు.

ఫ్యాక్టరీ ఉన్న వైపు వెళ్దామని మావాడు మ్యాప్ చూసి తీసుకెళ్ళాడు, గోడౌన్లు, ట్రక్కులు, రైలు పట్టాలు దాటుకుంటూ మూడుసార్లు తప్పు మలుపు తిరిగాం. ఆ చోటు గురించి చదివిందంతా తలలో ఉండి కాళ్ళు బరువెక్కాయి. యుద్ధంలో జర్మన్లు ఈ ఫ్యాక్టరీ ఎయిర్‌ఫీల్డునే లేబర్ క్యాంపు చేశారు. బెవ్‌జెత్స్, సొబిబూర్, త్రెబ్లింకాల్లో చంపేసిన యూదుల బట్టలు, వస్తువులు ఇక్కడికి తెచ్చి హ్యాంగర్లలో ఖైదీల చేత వేరు చేయించేవాళ్ళు. మైదానెక్ క్యాంపు కూడా ఇక్కడికి దగ్గరే. పొద్దున తిన్న ఆ రొట్టె ఎవరి చేతిదో గుర్తొచ్చి ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు.

జిగ్మంట్ పువావ్‌స్కీ పుట్టింది కూడా ఈ ఊళ్ళోనే, 1901లో. ఆయన లేకపోతే మిగతా కథ లేదు. అప్పట్లో ఫైటర్లలో పైలట్‌కి పై రెక్క అడ్డంగా ఉండి ముందు సరిగా కనపడేది కాదు. ఈయన ఏం చేశాడంటే, ఒకదాని మీద ఒకటి కాకుండా ఒకే వరస రెక్క పెట్టి, అది ఒంటికి తగిలే చోట సన్నగా చేసి కిందికి వంచాడు, ఎగిరే కొంగ రెక్కలు భుజం దగ్గర వంగినట్టు. పైలట్ కుడి ఎడమ రెక్కల మధ్య సందులోంచి ముందుకి, పైకి హాయిగా చూస్తాడు. 1929లో ఆ రెక్కతో మొదటి ఫైటర్ పీ-1 ఎగిరింది, అప్పటికి ఆయనకి 28 కూడా నిండలేదు. ఆ రెక్కని ప్రపంచమంతా పువావ్‌స్కీ రెక్క అంది. దాంతో వచ్చిన పీ-7లతో 1933 నాటికి పోలండ్ ఫైటర్ స్క్వాడ్రన్లన్నీ పూర్తి లోహపు ఒంటివరస రెక్క విమానాలకి మారిపోయాయి, అప్పటికి ఇంకే దేశానికీ అది లేదు. పువావ్‌స్కీ మాత్రం అది చూడలేదు. 1931 మార్చి 21న తను చేసిన కొత్త సీప్లేన్‌ని తనే నడుపుతూ వార్సాలో కూలి చనిపోయాడు. 29 ఏళ్ళు.

రాత్రి హోటల్లో ఒక సంగతి నేర్చుకున్నా. బిల్లు 73 అయితే వంద నోటిచ్చి అలవాటుగా జెంకుయె, అంటే థాంక్యూ, అన్నా. సర్వర్ అమ్మాయి మొహం వెలిగిపోయింది, చిల్లర తేలేదు. ఇక్కడ డబ్బిస్తూ థాంక్స్ చెప్తే చిల్లర నువ్వే ఉంచుకో అని అర్థమంట. ఆ అమ్మాయి తప్పేం లేదు, మంచిగానే వడ్డించింది కూడా. ఎవరైనా వెళ్తే చిల్లర చేతికొచ్చాకే థాంక్స్ చెప్పండి.

ఆగస్టు 31, క్రాకూవ్

ట్రాం దిగి పార్కు పక్కనుంచి నడిస్తే విమానాల మ్యూజియం. మ్యూజియం అంటున్నాం గానీ ఇది అసలు రకోవిత్సె ఎయిర్‌ఫీల్డు, 1912లో ఆస్ట్రియా వాళ్ళు పెట్టింది. 1918 అక్టోబర్ 31న పోలిష్ సైనికులు దీన్ని ఆస్ట్రియన్ల నుంచి తీసేసుకున్నారు, అప్పటికి పోలండ్ అనే దేశం కాగితం మీద కూడా పూర్తిగా లేదు, స్వాతంత్ర్యం వచ్చిన నవంబర్ 11 ఇంకా రాలేదు. దేశం కంటే పదకొండు రోజులు ముందే దాని ఎయిర్‌ఫోర్సు పుట్టిందన్నమాట.

దారిలో ఒబ్వజానెక్ కొన్నాం, నువ్వులు చల్లిన మెలి తిప్పిన రింగు రొట్టె, నీలం రంగు బండి మీద ఒక బామ్మ అమ్ముతోంది. నువ్వులు, గసగసాలు, ఉప్పు, మూడు రకాలు, ఒక్కోటి 3 జ్లోటీల పైన. పొద్దున్నే ఒట్టి చేతుల్తో తుంచుకుని తినడానికి అంతకంటే మంచిది లేదు.

ఇక పీ-11. నేను వెళ్ళిందే దీనికోసం. నంబర్ 8.63. పువావ్‌స్కీ గీసిన వరసలో పీ-7 తర్వాతది, ఆయన పోయాక స్నేహితులు పూర్తి చేసింది. 1939లో పోలండ్‌కి ముఖ్యమైన ఫైటర్ ఇదే. ప్రపంచం మొత్తంలో పీ-11 ఇప్పుడు ఇదొక్కటే ఉంది. అనుకున్నంత పెద్దది కాదు, మన ఇంటి ముందు ఆగిన వ్యాన్ కంటే కాస్త ఎత్తు, అంతే. నాన్న అడిగినట్టు రెక్క దగ్గరికి ఎంత వీలైతే అంత దగ్గరికి పోయి చూశా. రెక్క రేకు నున్నగా లేదు, సన్న సన్న గాడులు ముందు నుంచి వెనక్కి గీతల్లా ఉన్నాయి, పల్చటి రేకుకి బలం రావడానికి. ఒంటికి చేరే చోట రెక్క నిజంగానే సన్నబడి వంగింది, అక్కణ్ణుంచి కాక్‌పిట్ వైపు చూస్తే అర్థమైంది పైలట్‌కి ఎంత స్థలం వదిలాడో. కాక్‌పిట్‌కి పైకప్పు లేదు, చిన్న అద్దం ముక్క ముందు, అంతే. చక్రాలు లోపలికి ముడుచుకోవు. రంగు ఆకుపచ్చకీ మట్టికీ మధ్యలో. ముక్కు చుట్టూ ఇంజన్ పొగ పోయే గుండ్రటి రింగు, దాని మీద వేడికి మారిన రంగు కూడా కనపడుతుంది.

ఇది మిగిలిన తీరు వింటే ఏమనాలో తెలియదు. సెప్టెంబర్ 1939లో దెబ్బతిని జర్మన్ల చేతికి చిక్కింది. వాళ్ళు బెర్లిన్లో జర్మన్ ఎయిర్‌ఫోర్స్ అధిపతి గోరింగ్ పెట్టుకున్న విమానాల మ్యూజియంకి గెలుపు గుర్తుగా తీసుకెళ్ళారు. తర్వాత బెర్లిన్ మీద బాంబులు పడుతుంటే ఆ కలెక్షన్‌లో కొంత భాగాన్ని తూర్పుకి తరలించారు, యుద్ధం అయ్యాక అది చార్న్‌కూవ్ అనే పోలిష్ ఊరి దగ్గర దొరికింది. పీ-7 ఒక్కటీ లేదు. కరాష్, అదే మన సోవ్‌తిక్ కుర్రతనంలో పని చేసిన బాంబర్, పూర్తిగా ఒక్కటీ లేదు. వోష్ అని 1938 పారిస్ ప్రదర్శనలో అందరూ గుమిగూడి చూసిన రెండు ఇంజన్ల బాంబర్, రెండున్నర టన్నుల బాంబులు మోసేది, అదీ లేదు. ఎత్తుకుపోయినవాడు దాచుకున్నందుకు ఇదొక్కటి ఉంది.

ఇంకో సంగతి నన్ను రాత్రంతా వదల్లేదు. పీ-11 కంటే వేగంగా పోయే పీ-24 అని ఒకటి పీజడ్ఎల్ వాళ్ళే తయారు చేశారు, దాన్ని టర్కీకి, గ్రీసుకి, రుమేనియాకి, బల్గేరియాకి అమ్మారు. తమకి మాత్రం పీ-11లే ఉంచుకున్నారు, కొత్త ఫైటర్ ఏదో వస్తుందని ఎదురుచూశారు, అది 1939లో ఇంకా ప్రోటోటైపు దగ్గరే ఉంది. 1934లో పీ-11 ముందు వరస విమానం. ఐదేళ్ళలో దానికీ జర్మన్ల ఫైటర్ మెసర్‌ష్మిట్ 109కీ గంటకి 150 కిలోమీటర్లకి పైగా తేడా వచ్చేసింది. పై ఆఫీసర్లు ఆ రోజుల్లో ఎవర్ని తిట్టుకున్నారో, డబ్బు ఎంత లేదో, అవన్నీ నిజమే అయినా, ఈ రేకు ముందు నిలబడితే మాత్రం కోపమొస్తుంది. ఆ తేడా అంతా ఆ పైకప్పు లేని సీట్లో కూర్చున్నవాడి మెడ మీద పడింది కదా.

సెప్టెంబర్ 1, ఝురాదా

1939లో జర్మన్లు దాడి చేసిన తారీఖు, ఆ రోజే క్రాకూవ్‌కి నలభై కి.మీ. దూరంలో ఒల్కుష్ పక్కన ఝురాదా అనే పల్లెకి బయల్దేరాం. ఆదివారం, షాపులన్నీ మూత, ఇక్కడ చాలా ఆదివారాలు చట్టం ప్రకారమే మూసేస్తారు, ఆ సంగతి తెలియక నీళ్ళ సీసా కూడా కొనుక్కోలేదు. ఒల్కుష్‌లో బస్సు దిగి నడక. ఒక ఇంటి ముందు ఆపిల్స్ ఏరుతున్న ముసలమ్మని దారి అడిగితే చెయ్యి చూపించి, మా మొహాలు చూసి లోపలికి పోయి రెండు గ్లాసుల కొంపోత్ తెచ్చిచ్చింది, పళ్ళు ఉడకబెట్టి చల్లార్చిన నీళ్ళు. డబ్బు ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకుంది. ఆపిల్స్ కూడా నాలుగు బ్యాగులో వేసింది.

ఆ ఊరి పైన జరిగింది ఇది. ఆగస్టు 31నే పోలిష్ ఫైటర్లు పెద్ద ఎయిర్‌ఫీల్డులు వదిలేసి చెట్ల పక్కన పచ్చిక మైదానాల్లోకి మారిపోయాయి. అందుకే పొద్దున రకోవిత్సె మీద బాంబులు పడినప్పుడు అక్కడ యుద్ధం చేసే ఫైటర్లు లేవు. నాన్న ఒప్పుకోని మాట అబద్ధమేనని ఇక్కడే తేలుతుంది. క్రాకూవ్ దళం బాలిత్సె మైదానంలో దాక్కుంది. బాంబుల చప్పుడు విని కమాండర్ కెప్టెన్ మెచిస్వావ్ మెద్వెత్స్కీ, లెఫ్టినెంట్ వ్వదిస్వావ్ గ్నిష్ లేచారు. ఇంకా ఎత్తుకి చేరుకోకముందే స్టూకా అనే జర్మన్ బాంబర్ ఒకటి మెద్వెత్స్కీని కూల్చేసింది, ఆ యుద్ధంలో గాల్లో చనిపోయిన మొదటి పైలట్ ఆయనే. గ్నిష్ తప్పించుకుని, కాసేపటికి వెనక్కి పోతున్న రెండు డోర్నియర్ బాంబర్లని పట్టుకున్నాడు. రెండూ ఝురాదాలో పడ్డాయి. గ్నిష్ తర్వాత ఫ్రాన్స్‌లో, ఇంగ్లండ్‌లో పోరాడి కెనడాలో స్థిరపడ్డాడు. మెద్వెత్స్కీని కూల్చిన ఫ్రాంక్ నాయ్‌బర్ట్‌ని 1989లో, యాభై ఏళ్ళ తర్వాత, కలిసి చెయ్యి కలిపాడు. గ్నిష్ ఉన్న స్క్వాడ్రన్ నంబర్ 121. నిన్న నేను గంటన్నర నిలబడి చూసిన 8.63 కూడా అదే 121ది.

జ్ఞాపకంగా పెట్టిన రాయి దగ్గర తాజా పూలు, దీపాలు. నా దగ్గర దీపం లేదు, షాపులూ లేవు. ఆ ముసలమ్మ ఇచ్చిన ఆపిల్స్‌లో ఒకటి పెట్టి వచ్చా. మావాడు ఎందుకు అని అడగలేదు, తనూ ఒకటి తీసి పక్కన పెట్టాడు.

సెప్టెంబర్ 2, బాలిత్సె

తెల్లవారుజామున ఎయిర్‌పోర్టు. క్రాకూవ్ ఎయిర్‌పోర్టు ఉన్నది ఈ బాలిత్సెలోనే. మావాడు వార్సా రైలుకి వెళ్ళాలి, కౌంటర్ దాకా వచ్చి, మావయ్యా, తాతయ్యకి ఇది ఇవ్వు అని చిన్న పొట్లం చేతిలో పెట్టాడు. మ్యూజియంలో కొన్నాడంట, పీ-11 పేపర్ మోడల్, కత్తిరించి అతికించుకోవాల్సింది.

విమానం రన్‌వే మీద తిరిగేటప్పుడు కిటికీలోంచి చూశా. పొగమంచు, అంచుల్లో తడి గడ్డి, దూరంగా చెట్ల వరస. సరిగ్గా ఇదే వేళకి లేచుంటారు ఆ ఇద్దరూ.

ఇప్పుడు నాన్న భోజనాల బల్ల మీద న్యూస్‌పేపర్ పరిచి, అమ్మ కుట్టు కత్తెర తీసుకుని, కళ్ళజోడు ముక్కు మీదికి జరుపుకుని రెక్క కత్తిరిస్తున్నారు. ఒంటికి తగిలే చోటుకి వచ్చేసరికి ఆగి, నా ఫోన్ మళ్ళీ ఇమ్మంటున్నారు, ఆ వంపు ఎంతుందో చూసి మడవాలంట.